దేవరాతునకు పీట యెక్కడ?

తెలుగువారి సభలయందును, సంచికలయందును ఆంధ్రుల ప్రాచీనతను గూర్చి ప్రస్తావింపని వక్త యరుదు. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్ర శబ్దము కలదనియు, మన జాతి పేరు అంతటి పూర్వకాలముననే వినబడినదనియు చెప్పి మనము మీసము దువ్వుకొనుచుందుము. నేనును చిన్ననాడు తిరుత్తణిలో వ్యాసరచన పోటీలకు ఈ వాక్యమునే వల్లెవేసి బహుమానములు పొందినవాడనే. ఆ కథను మొదటినుండి తుదివరకు చదివినది మాత్రము ఏబదియేండ్లు దాటిన పిమ్మట. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కథ యిది. హరిశ్చంద్రునకు సంతానము లేదు. పుట్టినవానిని నీకే బలి యిత్తునని వరుణునకు మ్రొక్కి కుమారుని కనెను. ఆ కుమారుడు రోహితుడు పెరిగి పెద్దవాడై అడవి పట్టెను. తనకు మారుగా అజీగర్తుడను దరిద్ర బ్రాహ్మణుని కొడుకును నూరావులకు కొనెను. పెద్దవానిని తండ్రి వదలుకొనడయ్యె, చిన్నవానిని తల్లి వదలుకొనదయ్యె. నడిమివాడు శునశ్శేపుడు అమ్ముడుపోయెను. యూపమునకు కట్టుటకు ఎవ్వరును ముందునకు రాకున్న, ఇంకొక నూరావులు పుచ్చుకొని తండ్రియే కట్టెను. వధించుటకు మరియొక నూరు పుచ్చుకొని తండ్రియే కత్తి నూరెను. బాలుడు దేవతలను వేడుకొనగా కట్లు సడలెను. అతడు పోయి విశ్వామిత్రుని అంకమున కూర్చుండెను. కన్నతండ్రి తిరిగి రమ్మని పిలిచిన పోనొల్లడయ్యె. విశ్వామిత్రుడు వానికి దేవరాతుడని పేరిడి, నీవే నా కొడుకులలో జ్యేష్ఠుడవనెను.

ఇచ్చట నొక విశేషము కలదు. దానిని మన వక్తలు చెప్పరు. ఆ బాలుడు పెంపుడు తండ్రి మాటతో తృప్తి చెందలేదు. ఈ మాటను నీ కుమారులందరి యెదుట చెప్పుము, వారును సమ్మతింపవలెనని కోరెను. తండ్రి యొక్కడు చేరదీసినంతమాత్రమున ఇల్లు తనది కాదనియు, తోడివారు పీట వేసినగాని తాను ఆ యింటివాడు కాడనియు అమ్ముడుపోయిన ఆ కుర్రవానికి తెలిసినంతగా మనకు నేటికిని తెలియదు. విశ్వామిత్రునకు నూటొక్కరు కొడుకులు. మధుచ్ఛందుడును, వానికి చిన్నవారైన ఏబదిమందియు సరేయనిరి. పెద్దవారు ఏబదిమంది ఒల్లమనిరి. అట్లు ఒల్లనివారిని తండ్రి శపించి, మీ సంతతి సరిహద్దులలో బ్రతుకుగాక యనెను. వారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు.

మన పేరు వాఙ్మయమున తొలిసారి వినబడిన సందర్భమిది! పెంచుకొన్న బిడ్డను అన్నగా అంగీకరింపనివారి జాబితాలో మన పేరు మొదటిది. శాపమును నేను నమ్మను. ఆర్యావర్తపు అంచులనున్న జాతులకు ఒక పుట్టుకను కల్పించుటకై ఆ కథను చెప్పిరని చరిత్రకారులు వ్యాఖ్యానింతురు. అది సమంజసమే కావచ్చును. ఐనను, సరిహద్దున బ్రతుకుచున్న తిరుత్తణి, తిరువళ్ళూరు తెలుగువారము ఈ కథను అర్ధాంతరముగా చదివి గర్వపడుట ఇకనైన మానవలెను. మరియొక చమత్కారము: విశ్వామిత్ర గోత్రజులలో కొన్ని శాఖలవారి ప్రవరలో దేవరాత నామము నేటికిని పలుకబడుచున్నది. దత్తుని పేరు చెప్పుకొని నమస్కరించువారే దత్తుని గోత్రమేమని నిలదీయుచున్నారు.

నేను చెప్పదలచినది పురాణము కాదు. మన నడుమ నేడు దేవరాతులున్నారు. దత్తత పోయి పెరిగి పెద్దవారైన స్త్రీపురుషులు కొందరు. పసితనమున బాలల గృహములలో చేర్పబడి, పదునెనిమిదేండ్లు నిండినంతనే సంచి చేతబట్టుకొని వెలుపలికి వచ్చినవారు మరికొందరు. వీరు పిల్లలు కారు. ఉద్యోగములు చేయుచున్నారు, కొందరికి పెండ్లిండ్లయి బిడ్డలున్నారు, తలలు నెరసినవారును కలరు. మన మాటలలో మాత్రము వీరు ఎన్నటికిని పెరుగరు. ‘పెంపుడు పిల్ల’, ‘అనాథ బిడ్డ’ అనియే అందుము. నలుబదియేండ్ల మనిషిని బిడ్డ యనుట ఆప్యాయత యనుకొందుము గాని, అది అతనిని మాటలాడనీయకుండుటకు మనము కనిపెట్టిన మర్యాద.

నా సంగతి ముందుగా చెప్పుట న్యాయము. నేనును దత్తత పోయినవాడనే. మా నాన్నగారు తమ మూడవ కొడుకునైన నన్ను సంతులేని అన్నగారికి ఇచ్చిరి. వీధి మారినది గాని ఊరు మారలేదు, ఇంటిపేరు మారలేదు, గోత్రము మారలేదు. అమ్మను పిన్నమ్మ యనియు, పెద్దమ్మను అమ్మ యనియు పిలుచుట ఆరేండ్లవానికి నాలుగు దినములలో అలవాటయ్యెను. అలవాటు కాలేదని యెవరికిని చెప్పకుండుట జీవితాంతము అలవాటయ్యెను. ఐనను నాది రాజమార్గము. దత్తహోమము జరిగెను, బంధువులు భోజనము చేసిరి, నా పెండ్లిలో నన్నెవరును పుట్టుపూర్వోత్తరములడుగలేదు. మా వీధిలోనే మరియొక యింటివారు చెన్నపురిలోని ఒక గృహమునుండి ఆడుశిశువును తెచ్చి సాకిరి. 1956 నాటి హిందూ దత్తత చట్టము వచ్చువరకు మన ధర్మశాస్త్రము ఆడపిల్లను దత్తత తీసికొనుటకు సామాన్యముగా ఒప్పుకొనలేదు. కావున ఆ దంపతులు చేసినది ఆ దినములలో సాహసమే. ఆమెకు సంబంధములు చూచునప్పుడు వచ్చినవారందరును కాఫీ త్రాగి, పిల్ల చక్కగనున్నదని మెచ్చుకొని, ‘ఎవరి పిల్లయో’ యని గుమ్మము దాటిన పిమ్మట అనుచుండిరి. గుమ్మము దాటిన పిమ్మట అనినను లోపలికి వినబడును. మన యిండ్ల గుమ్మములు ఇరుకైనవి.

ఆమెకు ఇప్పుడు ఏబదియేండ్లు దాటినవి. పేరు వ్రాయవద్దన్నది, వ్రాయను. తనవంటి మనిషిని తాను మొదటిసారి చూచినది నలుబదిమూడవ యేట అని యామె నాతో చెప్పినది. ఎచ్చట ననుకొందురు? దేవాలయమున గాదు, సంఘమున గాదు. అరక్కోణము వైపు పోవు లోకల్ రైలులో, ఆడువారి పెట్టెలో. ప్రక్కన కూర్చున్న యామె ఆసుపత్రి కాగితము నింపుచు, ‘కుటుంబములో మధుమేహము కలదా’ అను ప్రశ్న యెదుట కలము ఆపి కూర్చున్నదట. ఈమె చూచి, నేనును అచ్చటనే ఆగుదునమ్మా యన్నదట. అంతే! తిరువళ్ళూరు మొదలు తిరుత్తణి వరకు ఇద్దరును మాటలాడుకొనిరి. దిగవలసిన చోట నొకామె దిగలేదు. తరువాత అదే రైలులో ముగ్గురైరి, ఐదుగురైరి. వారానికొక సాయంకాలము ఒకే పెట్టెలో ఎక్కెదరు. అది వారి సంఘము. దానికి అధ్యక్షులు లేరు, సావనీరు లేదు, శాలువలు లేవు. నలుబదిమూడేండ్లు ఆమె మన నడుమనే యుండెను. ప్రతి సంక్రాంతికిని మన ముగ్గుల పోటీలో ముగ్గు వేసెను. అయినను ఒంటరిగా నుండెను. ఆ ఒంటరితనమును పోగొట్టుటకు మన సంఘములు చేయలేనిది ఒక రైలుపెట్టె చేసినది. ఇది నాకు సిగ్గుచేటుగా తోచుచున్నది.

ఇంకొక సంగతి. మన ప్రాంతమున ఒక సంఘమువారు జరిపిన ఉగాది ఉత్సవమునకు ఇరువదేండ్ల యువకుడొకడు వచ్చెను. ఏ సంఘమో చెప్పను. చదువరులలో కొందరికి తెలియును. అతడు బాలల గృహమున పెరిగినవాడు. ఆ గృహపు పుస్తకమున అతని మాతృభాష తెలుగని వ్రాసియున్నదట. అతనికి తెలిసిన తెలుగు మాత్రము ‘రా, తిను, పడుకో’ యను మూడు మాటలు. ఆ మూడు మాటలు ఎవరు నేర్పిరో అతనికి జ్ఞాపకము లేదు. నాలుగవ మాట నేర్చుకొందమని వచ్చెను. ద్వారముకడ బల్ల వేసికొని కూర్చున్న కార్యకర్త ఇంటిపేరు అడిగెను, స్వగ్రామ మడిగెను. అడుగుటలో దురుద్దేశము లేదు. మన మలవాటుగ అడుగుదుము. యువకుడు కొంతసేపు నిలుచుండి, నీళ్ళు త్రాగివచ్చెదనని చెప్పి వెడలిపోయెను. ఉగాది పచ్చడి తినలేదు. బల్ల వెనుక కూర్చున్న ఆ కార్యకర్తను నేనే.

కావున ఈ వ్యాసమున నేను కోపగించుకొనుచున్నది ముందుగా నామీదనే. తరువాత మీమీద.

మన కార్యవర్గములో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి, ‘మనది భాషా సంఘము, అనాథ శరణాలయము కాదు’ అనిరి. ఎంతో గంభీరమైన మాట! సభలో తలలూగినవి. భాష యెచ్చటనుండి వచ్చును? వ్యాకరణ గ్రంథమునుండియా? తల్లి ఒడినుండి కదా. ఆ ఒడి లేనివానికి భాష అందలేదు. 2006లో తమిళనాడు ప్రభుత్వము పాఠశాలలలో తమిళమును నిర్బంధ ప్రథమ భాషగా చేసినది మొదలు మనము సభలు పెట్టి, మహజర్లు వ్రాసి, తెలుగు చదువువారు కరవైరని విలపించుచున్నాము. మన మనుమలు ఆంగ్లమున ముచ్చటింతురు. వారిని బ్రతిమాలి పద్యముల పోటీలో నిలుపుదుము. తెలుగు నేర్చుకొనవలెనని తనంతట తానే వచ్చిన యువకుడు మాత్రము గుమ్మముకడనే ఆగిపోయెను. భాషా సంఘమునకు ఇంతకన్న పెద్ద తప్పిదము వేరొకటి యుండునా?

రెండవ ఆక్షేపణ మరింత మృదువైనది, మరింత క్రూరమైనది: ‘మనము చేయుచునే యున్నాము కదా, పుట్టినరోజులకు, తిథులకు ఆ గృహములలో భోజనములు పెట్టించుచున్నాము కదా.’ నిజమే. మన ప్రాంతపు గృహములలో వడ, పాయసములతో మధ్యాహ్న భోజనము పెట్టించుట, పిల్లలను వరుసగా నిలిపి ఛాయాచిత్రము తీయించుకొనుట ఆచారమైనది. పెట్టు చేయి మంచిదే, నేను కాదనను. కాని ఆ పిల్లవాడు పదునెనిమిదేండ్లలో ఎందరి పుట్టినరోజులకో పాటలు పాడియుండును. అతని పదునెనిమిదవ పుట్టినరోజున మాత్రము దాత యెవడును రాడు. ఆ దినముననే అతడు వెలుపలికి నడువవలెను. చట్టము కొంత చూపినది: 2015 నాటి బాలల న్యాయ చట్టము పదునెనిమిది నిండి గృహమును వీడువారికి ధనసహాయము చేయవచ్చునన్నది, ఈ అనంతర సంరక్షణ ఇరువదియొకటవ యేటివరకు, విశేష సందర్భములలో ఇరువదిమూడవ యేటివరకు సాగవచ్చును. కేంద్రప్రభుత్వపు 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనలు ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. చేయవచ్చును అను మాటకును, చేసితీరవలెను అను మాటకును నడుమ ఎన్ని కార్యాలయముల మెట్లున్నవో మీకు వేరుగ చెప్పవలెనా? తిరుత్తణి కొండకు 365 మెట్లు. అవి యెక్కిన పిమ్మట దేవుడైన కనబడును.

డబ్బు దొరికినను గది దొరకదు. శ్రీపెరుంబుదూరు, ఒరగడము, గుమ్మిడిపూండి కర్మాగారములలో పని దొరకవచ్చును. ఇల్లద్దె కిచ్చువాడు ‘మీ నాన్నను పిలుచుకొని రమ్ము’ అనును. ఆ ఇంటి యజమానులలో మనవారును ఉన్నారు. జ్వరము వచ్చిన కషాయము కాచి యిచ్చు ఇల్లు లేదు. సంబంధము వచ్చిన మాటలాడు మేనమామ లేడు. ఉద్యోగము పోయిన నాలుగు దినములు తలదాచుకొన తావు లేదు. తమిళనాడు ప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితాలో, పదేండ్లు నిండకమునుపు తల్లిదండ్రులను గోల్పోయి గుర్తింపు పొందిన ఆశ్రమములలో పెరిగిన పిల్లలను ఒక తరగతిగా చేర్చియున్నారు. అనగా వారు ఒక సముదాయమని ప్రభుత్వము కాగితముమీద ఒప్పుకొన్నది. కాని ఆ సముదాయమునకు ఒక పండుగ లేదు, ఒక వీధి లేదు, ఒకరి ముఖ మొకరెరుగరు. సముదాయము జాబితాలో పుట్టదు. పంక్తిలో కూర్చుండి భోజనము చేసినచోట పుట్టును.

మూడవ ఆక్షేపణ భయమునుండి పుట్టినది. దానిని నేను పరిహసింపను. ‘వీరందరును ఒకచోట చేరిన కన్నవారిని వెదుకుదమని బయలుదేరుదురు; పెంచినవారి గుండెలు పగులును; ఎచ్చటనో కాపురము చేసికొనుచున్న తల్లుల పరువు పోవును.’ పెంచిన తల్లుల కన్నులలో ఈ భయమును నేను చూచియున్నాను. దీనికి సమాధానము రెండు విధములు. దత్తత నిబంధనలలో మూలాన్వేషణకు మార్గమున్నది. పదునెనిమిదేండ్లు నిండిన దత్తులు తామే దరఖాస్తు పెట్టుకొనవచ్చును, వేరొకరికి అధికారపత్ర మిచ్చి వెదకింపరాదు, కన్నవారి గోప్యతకు భంగము కలుగరాదు. చట్టము ఇరువైపుల చూచియే గీత గీసినది. ఇక హృదయము మాట. యశోదను ప్రేమించినవాడు దేవకిని వెదకరాదని పోతన చదివిన జాతికి ఎవరు చెప్పిరి? మన పూర్వస్మృతులలో ద్వ్యాముష్యాయణుడను దత్తుడు కలడు. అతడు ఇద్దరు తండ్రులకును కొడుకు, ఇరువురకును పిండమిడువాడు. కన్నవారు విడిచిన బిడ్డను చేరదీసినచో వానికిని ‘అపవిద్ధుడు’ అని పేరిడి పుత్రుల వరుసలో కూర్చుండబెట్టిరి. మన రెడ్డి, కమ్మ కుటుంబములలో ఇల్లటపుటల్లునికి కొడుకుతో సమానముగా ఆస్తిలో పాలిచ్చు ఆచారమును న్యాయస్థానములే గుర్తించినవి. భూమి దున్నుటకు మనిషి కావలసివచ్చినప్పుడు పరాయివానిని కొడుకుగా చేసికొనుటకు మనకు శాస్త్రము అడ్డురాలేదు.

అసలు వెదకవద్దనుటకు మనకు నోరెట్లు వచ్చును? తిరుత్తణి తెలుగువారము మనమే మూలాన్వేషకులము. మన కథ చూడుడు. కార్వేటినగరపు జమీనులో నుంటిమి, ఉత్తరార్కాడులో నుంటిమి, 1911లో చిత్తూరు జిల్లావారమైతిమి, 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరితిమి, పటాస్కరు తీర్పును అనుసరించి 1959లో చేయబడిన చట్టముచేత 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమునకు ఇయ్యబడెను, సత్యవేడు ప్రాంతము అటు పోయెను. చెంగల్పట్టు జిల్లాలో పెరిగితిమి. 1997లో తిరువళ్ళూరు జిల్లా యింట అడుగుపెట్టితిమి. ఒక ఇంటినుండి ఇంకొక యింటికి సంతకములతో మార్చబడినవారము. మనలను ఎత్తుకొని పెంచిన తమిళతల్లికి మనము కృతఘ్నులము కాము. ఆమె అన్నము తిన్నాము, ఆమె పాటలు పాడుకొన్నాము, ఆడికృత్తికకు కావడి మోసితిమి. ఐనను ఇంటిలో తెలుగు మాటలాడుచున్నాము. ఎందుకనగా ఇందులో ద్రోహమేమియు లేదని మనకు తెలియును. ఇద్దరు తల్లులను కలిగియుండుట నేరము కాదని అరువదియేండ్లకు పైగా ప్రభుత్వములతో వాదించుచున్నవారము, అదే మాట ఒక మనిషి తన సొంత జీవితమును గూర్చి పలికిన చెవులు మూసికొందుమా?

వెదకుటకు కారణములు కూడ కలవు. అందరును ప్రేమతో ఇయ్యబడినవారు కారు; అజీగర్తులు ఈనాడును ఉన్నారు, వారిని కొనువారును ఉన్నారు. 1999 నుండి 2001 వరకు తెలంగాణపు లంబాడీ తండాలనుండి పసికందులను స్వల్పధనమునకు కొని విదేశ దత్తతలకు పంపిన వ్యవహారములు బయటపడగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కన్నవారు శిశువులను స్వచ్ఛందముగా విడిచియిచ్చు పద్ధతినే నిలిపివేయవలసివచ్చెను. 2005లో చెన్నపురి మురికివాడలనుండి ఎత్తుకొనిపోబడిన పిల్లలు దత్తత పేర విదేశములకు చేరిన సంగతి వెల్లడియైనది. వారు నేడు పెద్దవారు. 1992లో సేలములో ప్రారంభమైన ఊయల శిశువు పథకమున ప్రభుత్వపు ఊయెలలలో విడువబడిన ఆడుశిశువులకు నేడు ముప్పదియేండ్లు దాటినవి. వారికొక ప్రశ్న యున్నది. ఆ ప్రశ్నను ఇంటిలో అడుగలేరు, వీధిలో అడుగలేరు. తమవంటివారి నడుమ మాత్రమే అడుగగలరు.

ఇది మన దేశముననే పుట్టిన వెర్రి కాదు. స్వీడను దేశమున పెరిగిన కొరియా దత్తులు 1986లోనే తమలో తాము సంఘము కట్టుకొనిరి. 1999లో సుమారు 400 మంది కొరియా దత్తులు వాషింగ్టను నగరమున కలిసికొనిరి. అమెరికాలోని నల్లజాతివారి కథ మనము ప్రత్యేకముగ వినదగినది. అచ్చట ప్రభుత్వ సంరక్షణలో తాత్కాలిక కుటుంబములలో పెరుగు పిల్లలలో నల్లజాతి బిడ్డలు వారి జనసంఖ్యకు మించి యున్నారు. శ్వేతజాతి యిండ్లకు దత్తత పోయిన బిడ్డలను గూర్చి 1972లో నల్లజాతి సాంఘిక కార్యకర్తల జాతీయసంఘము తీవ్రముగ ఆక్షేపించెను. ఆ బిడ్డ తనవారి నడుమ పెరుగవలెనని వారి వాదము. ఇంటికి నోచుకొనని బిడ్డకు ఏ యిల్లైన మేలేనని ఎదుటివారి వాదము. 1994లో జాతికారణమున దత్తతను ఆలస్యము చేయరాదని శాసనము వచ్చెను. పెద్దవారు ఇట్లు వాదించుకొనుచుండగా బిడ్డలు పెరిగి పెద్దవారైరి. దువ్వెనకు లొంగని తమ జుట్టును ఎట్లు అల్లుకొనవలెనో తెలియని తల్లుల చేతులలో ప్రేమతోనే పెరిగినవారు కొందరు. ఇల్లు వెంట ఇల్లు మారి, వయసు నిండగనే బయటికి పంపబడినవారు కొందరు. ఈ ఇరుతెగలవారును, వారి తల్లుల వలెనే భిన్నమైనవారైనను, ఒకచోట కూర్చుండుటకు మొదలిడిరి. సంరక్షణలో పెరిగిన యువకులు 1988లో కాలిఫోర్నియాలో తమ సంస్థను తామే స్థాపించుకొనిరి. వారు కోరినది జాలి కాదు. తమను గూర్చిన చట్టము చేయునప్పుడు తామును బల్లకడ కూర్చుండవలెనన్నది వారి కోరిక. శునశ్శేపుని కోరికయు అదియే కదా!

ఇచ్చట కర్ణుని మాట రాక తప్పదు. కర్ణుడు తల్లి లేనివాడని మనము కన్నీరు కార్తుము. అది పొరబాటు. రాధ కలదు, ఆమె ప్రేమలో లోటులేదు, కావుననే అతడు రాధేయుడనని చెప్పుకొనెను. అతనికి లేనిది సభలో నిస్స్వార్థముగ పీట వేయువాడు. కులమేమని గురువులు ప్రశ్నించి తలవంచుకొన్న క్షణమున లేచి చేయి పట్టుకొన్నవాడు దుర్యోధనుడొక్కడే. అతడు అంగరాజ్యముతో పాటు ఋణపత్రమును కూడ వ్రాయించుకొనెను. మనము వేయని పీటను ఎవడో యొకడు వేయును. గృహములనుండి వెలువడిన ఒంటరి యువకులను జీతములేని చాకిరికి తీసికొనిపోవు గుత్తేదారులు, జెండాలు మోయించుకొను నాయకులు, పిల్లకు అండలేదు గనుక కట్నమడుగమని చెప్పి రెండవ పెండ్లికి వచ్చు ముసలి వరులు, అందరును దుర్యోధనుని వంశమువారే.

ధనుర్మాసమున తిరువళ్ళూరు వీరరాఘవస్వామి సన్నిధిని మనము గోదాదేవిని కొనియాడుదుము. తులసివనమున దొరికిన శిశువామె. పెరియాళ్వారు గోత్ర మడుగలేదు, రంగనాథుడును అడుగలేదు. అడుగుచున్నది మన సభ్యత్వ పత్రము! ఆ పత్రమున తండ్రిపేరు, ఇంటిపేరు, గోత్రము, స్వగ్రామము అని నాలుగు గళ్ళున్నవి. భాషాసంఘమునకు గోత్రమెందుకు? ఈ ప్రశ్నను నేను కార్యవర్గమున అడిగితిని. ‘పూర్వమునుండి ఉన్నది’ అనిరి. ముద్రణాలయమువాడు పాత అచ్చునే మరల మరల వేయుచున్నాడట. ఒక మనిషిని గుమ్మమునుండి వెనుకకు పంపుటకు ముద్రణాలయపు సోమరితనము చాలినది.

నేను పెద్ద పథకమేమియు తేలేదు. భవనము కట్టుమనుటలేదు. మనకున్న హాలు నెలకు ఇరువదిదినములు తాళము వేసియుండును. నెలకొక ఆదివారము సాయంకాలము దానిని వారికి వదలుడు. దీపము, నీళ్ళు, టీ ఖర్చు సంఘముది, సభ వారిది. ఆ గంటలలో మనము పోరాదు, అధ్యక్షోపన్యాసము వలదు, ఫొటో వలదు, దాతల పేర్లు గోడమీద వ్రాయవలదు. వారేమి మాటలాడుకొందురో మనకు తెలియనవసరము లేదు. దత్తులును, గృహములనుండి వచ్చినవారును వేరువేరని, కలిపి కూర్చుండబెట్టరాదని ఒకరు నాతో అనిరి. ఒకరికి ఇల్లున్నది, ఒకరికి లేదు, నిజమే. రైలుపెట్టెలోని ఐదుగురిలో ముగ్గురు దత్తులు, ఇద్దరు గృహమున పెరిగినవారు. వారికి ఆ భేదము అడ్డురాలేదు. అడ్డు వచ్చిననాడు వారే తీర్చుకొందురు, పెద్దవారు కదా.

మిగిలినవి హాలు వెలుపల చేయవలసినవి. అద్దె యింటికి పూచీ సంతకము చేయుటకు మనలో పదిమంది ముందునకు రావలెను. ఊరక మాటగ గాక పేరు, చిరునామా ఇచ్చి రావలెను. తెలుగు నేర్చుకొనదలచినవారికి వారమునకొకసారి అక్షరములు దిద్దించువారు ఇద్దరు చాలుదురు. విశ్రాంత ఉపాధ్యాయులు మన యూరిలో తక్కువా? పెండ్లి సంబంధములు వచ్చినప్పుడు, వారు పిలిచిన, పిలిచిననే సుమా, మేనమామ స్థానమున పోయి కూర్చుండువారు కావలెను. గోత్రము చెప్పవలసివచ్చిన పురోహితులు సామాన్యముగ కాశ్యపమని సంకల్పము చెప్పుదురు. శాస్త్రమునకు లేని చిక్కు మనకేల? ఇక వంటయింటి మాట. పండుగనాడు వారిని పిలిచి, విస్తరి వేసి, ఎదుట నిలుచుండి ‘కడుపునిండ తినుము నాయనా’ యని జాలిగ చూచుట మానవలెను. వడ్డనకు పిలువుడు. మన యిండ్లలో చుట్టము విస్తరి ముందు కూర్చుండును. ఇంటివాడు గరిటె పట్టును.

ఇది చదివి కొందరు నొచ్చుకొందురని ఎరుగుదును. ‘సావనీరులో సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని గూర్చి వ్రాయుమన్న ఈ రచ్చ యెందుకు’ అని సంపాదకవర్గమున ఒకరు ఇదివరకే అనియున్నారు. తిరుత్తణిలో జన్మించిన ఆ మహనీయుని గూర్చి ఈ సంచికలోనే మరొక వ్యాసము ఎట్లును ఉండును. ఇది దాని ప్రక్కన ఉండనిండు.

నీళ్ళు త్రాగివచ్చెదనని వెడలిన యువకుని నేను నాలుగు నెలలు వెదకితిని. తిరువళ్ళూరు స్టేషనుకడ ఒక మరమ్మతు దుకాణమున కనబడెను. క్షమింపుమంటిని. అతడు నవ్వి, ‘పరవాయిల్లై సార్’ అని, కొంచెమాగి, దానిని తెలుగున ఏమందురని అడిగెను. చెప్పితిని. అతనికిప్పుడు నాలుగు మాటలు వచ్చును. వచ్చే సర్వసభ్య సమావేశమున సభ్యత్వ పత్రమునుండి గోత్రపు గడి తీసివేయవలెనను తీర్మానమును నేను ప్రతిపాదింపబోవుచున్నాను. దానిని బలపరచుటకు ఒక చేయి కావలెను. గత సంవత్సరము అది లేచినది కాదు.